హెర్ట్జ్ తగ్గినంత మాత్రాన అణువు అతుక్కున్నట్టు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఒక్క రక్తపు చుక్కతో నిమిషాల్లో రోగం పట్టేసే చిప్ అంటూ తెలుగు పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. అలాంటి చిప్పుల్లో ఒక రకానికి ఆధారం పలుగురాయి. అదే క్వార్ట్జ్. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇతర కళాశాలలు, పరవాడ ఫార్మా సిటీ, మెడ్‌టెక్ జోన్ అన్నీ ఉన్న విశాఖలో ఈ క్వార్ట్జ్ సెన్సర్ పేరు విన్నవాళ్లకు, దాన్ని వాడాలనుకునేవాళ్లకు కొదవ లేదు. కానీ యంత్రం తెర మీద పలక ఊగే వేగాన్ని చూపే గీత కిందికి దిగగానే "ప్రోటీన్ పట్టుకుంది" అని రాసేసే అలవాటు ప్రాజెక్టు నివేదికల్లోకీ, వాటి నుంచి వార్తల్లోకీ పాకుతోంది. ఆ గీత దిగడానికి గది ఏసీ చాలు, గాలి బుడగ చాలు, బఫర్‌లో, అంటే ప్రోటీన్లను ఉంచే, పీహెచ్ నిలకడగా ఉండే ద్రావణంలో, ఒక శాతం తేడా చాలు. ఈ సెన్సర్ ఏం కొలుస్తుందో, ఎక్కడ మోసపోతామో, దాన్ని ఎలా పట్టుకోవాలో వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం. కొంచెం పొడవైంది, మన్నించండి.

మృదంగం ఎడమ మూతకు తడి రవ్వ ముద్ద అద్దడం అందరూ చూసిందే. ముద్ద బరువుకు మూత నెమ్మదిగా కంపిస్తుంది, స్వరం దిగుతుంది. క్వార్ట్జ్ పలక చేసే పనీ ఇదే. విద్యుత్తు ఇస్తే పలుగు పలక కదులుతుంది, కదిపితే విద్యుత్తు పుడుతుంది. ఈ గుణాన్ని క్యూరీ సోదరులు 1880, 1881లలో బయటపెట్టారు. స్ఫటికాన్ని 35 డిగ్రీల పైచిలుకు కోణంలో, ఏటీ కోత అనే పద్ధతిలో కోసి, రెండు వైపులా బంగారు పూత వేసి విద్యుత్తు ఇస్తే పలక పైముఖం, కిందిముఖం ఒకదానికొకటి ఎదురుగా జరుగుతూ సెకనుకు లక్షల సార్లు ఊగుతాయి. సెకనుకు ఒక ఊపు అంటే 1 హెర్ట్జ్. 5 మెగాహెర్ట్జ్ (సెకనుకు 50 లక్షల ఊపుల) పలక మందం మిల్లీమీటరులో మూడో వంతు. పైన ఏదైనా గట్టిగా అంటుకుంటే ఊగే వేగం, అంటే ఫ్రీక్వెన్సీ, తగ్గుతుంది. ఎంత అంటుకుంటే ఎంత తగ్గుతుందో 1959లో జర్మన్ శాస్త్రవేత్త సావర్‌బ్రై లెక్క కట్టాడు. 5 మెగాహెర్ట్జ్ పలక మీద 1 హెర్ట్జ్ తగ్గుదలకు చదరపు సెంటీమీటరుకు 17.7 నానోగ్రాముల బరువు. 10 మెగాహెర్ట్జ్ పలకకు అదే 4.4 నానోగ్రాములు.

సింహాచలం కొండ ఖొండలైట్ రాతిలోనూ, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఇసుకలోనూ పలుగు పుష్కలంగా ఉంది. అయినా అది ఈ పనికి రాదు. మచ్చ, జంట స్ఫటికం లేని ఒకే ఒక స్ఫటికం కావాలి. అందుకే పరిశ్రమలు దాన్ని అధిక పీడనం, వేడి ఉన్న ఉక్కు పాత్రల్లో వారాల తరబడి పెంచుతాయి.

సావర్‌బ్రై సూత్రం పుట్టింది గాలిలో, శూన్యంలో లోహపు పూతల మందం కొలవడానికి. జీవాణువులు నీళ్లలో బతుకుతాయి. చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి. పలక ఒక ముఖాన్ని నీళ్లకు తాకిస్తే, ఏదీ అంటుకోకుండానే 5 మెగాహెర్ట్జ్ పలక దాదాపు 700 హెర్ట్జ్ కిందికి జారుతుంది. పక్కనున్న నీటి పొరను అది తనతో పాటు ఈడుస్తుంది కాబట్టి. ఆ పొర లోతు సుమారు 250 నానోమీటర్లు. ద్రవం సాంద్రత, చిక్కదనాల లబ్ధానికి వర్గమూలం ఎంతో, ఈ జారుడు దానికి అనులోమంగా ఉంటుందని కనజావా, గార్డన్ అనే శాస్త్రవేత్తలు 1985లో చూపారు. ఈ ఒక్క సంబంధం గుర్తుంటే సగం తప్పులు జరగవు.

ఉష్ణోగ్రత సంగతే చూడండి. గది వేడి దగ్గర నీటి చిక్కదనం డిగ్రీకి సుమారు 2 శాతం మారుతుంది. వర్గమూలం తీస్తే 1 శాతం. 700లో 1 శాతం అంటే 7 హెర్ట్జ్. ఒక డిగ్రీ మారితే 7 హెర్ట్జ్ కదిలిందన్నమాట. చాలా ప్రోటీన్ ప్రయోగాల్లో మొత్తం సంకేతం 10 నుంచి 30 హెర్ట్జే. విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఏసీ లేకుండా ప్రయోగశాల నడవదు. ఏసీ కంప్రెసర్ ఆన్, ఆఫ్ అయ్యే లయ బేస్‌లైన్ (నమూనా పంపకముందు ఉండే గీత) మీద చక్కని అలలా కనిపిస్తుంది. ఆ అల దిగే వైపు నమూనా పంపితే అది అచ్చం అణువు అతుక్కున్న బంధంలాగే ఉంటుంది. పలకను బిగించే చిన్న అరను నేరుగా ఏసీ గాలి తగలని చోట పెట్టాలి, చుట్టూ థర్మోకోల్ పెట్టె కట్టాలి, 25 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీలో వందో వంతుకు మించి కదలకుండా పెల్టియర్ నియంత్రణ (విద్యుత్తుతో వేడి, చలి సర్దే ఏర్పాటు) ఉండాలి. నమూనా సీసా కూడా అదే వేడిలో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన నమూనాను నేరుగా పంపితే రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి. చల్లని ద్రవం వల్ల ఫ్రీక్వెన్సీ పడుతుంది, వేడెక్కుతున్న ద్రవంలోంచి గాలి బుడగలు లేస్తాయి. బుడగను గుర్తించడం తేలికే. పలక మీద ద్రవం కొంత మేర తొలగుతుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ హఠాత్తుగా పదులు, వందల హెర్ట్జ్ పైకి ఎగురుతుంది, శక్తి నష్టం పడిపోతుంది. బఫర్‌ను 0.22 మైక్రాన్ల వడపోతలో వడగట్టి, వ్యాక్యూమ్ కింద పావుగంట గాలి తీసేస్తే ఈ బెడద చాలావరకు పోతుంది.

పరవాడ వైపు మందుల కంపెనీల్లో పనిచేసే మిత్రులకు అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఒకటుంది. 50,000 డాల్టన్ల (డాల్టన్ అంటే అణుభారం కొలమానం) ప్రోటీన్‌ను చదరపు సెంటీమీటరుకు 200 నానోగ్రాముల చొప్పున పలక మీద అతికించామనుకుందాం. అంటే 4 పికోమోల్‌లు. ప్రతి ప్రోటీన్ ఒక్కో మందు అణువును పట్టుకుంది. మందు అణుభారం 400 డాల్టన్లు. పెరిగిన బరువు చదరపు సెంటీమీటరుకు 1.6 నానోగ్రాములు. సంకేతం 0.09 హెర్ట్జ్. మంచి యంత్రంలో కూడా ద్రవంలో వచ్చే రొదకు ఇది అటూ ఇటూ. మరి మందు కరగడానికి కలిపిన డీఎంఎస్‌ఓ? నమూనాలో అది బఫర్ కన్నా 1 శాతం ఎక్కువైతే చిక్కదనం 2 శాతం పైగా పెరిగి, 7, 8 హెర్ట్జ్ తగ్గుదల తెస్తుంది. అసలు సంకేతం కన్నా 80 రెట్లు. చిన్న మందు అణువు నేరుగా ప్రోటీన్‌కు అతుక్కోవడాన్ని క్వార్ట్జ్ మీద 10 హెర్ట్జ్‌గా చూశామని ఎవరైనా అంటే, అది డీఎంఎస్‌ఓనో, ప్రోటీన్ పొర నీళ్లు పీల్చి ఉబ్బడమో, కుంచించుకుపోవడమో అయి ఉంటుందని ముందు అనుమానించాలి. చిన్న అణువులకు ఈ పలక వాడాలంటే పోటీ పద్ధతి మేలు. ముందే మందు అతికించిన పలక మీదికి మందును, దాన్ని పట్టుకునే పెద్ద ప్రోటీన్ అయిన యాంటీబాడీని కలిపి పంపి, యాంటీబాడీ ఎంత తక్కువ అతుక్కుందో చూడాలి.

ఇక పలక తయారీ. మా దృష్టిలో చెడిపోయే ప్రయోగాల్లో ఎక్కువ భాగం యంత్రం ఆన్ చేయకముందే చెడిపోతాయి. బంగారు పలకను యూవీ ఓజోన్ కింద 10 నిమిషాలు పెట్టాలి. ఆ తర్వాత 5 పాళ్లు శుద్ధ జలం, 1 పాలు 25 శాతం అమ్మోనియా, 1 పాలు 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి 75 డిగ్రీలకు వేడి చేసిన ద్రవంలో 5 నిమిషాలు ఉంచి, ధారాళంగా శుద్ధ జలంతో కడిగి, నైట్రోజన్‌తో ఆరబెట్టి, మళ్లీ 10 నిమిషాలు యూవీ ఓజోన్. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, పెరాక్సైడ్ కలిపిన పిరానా ద్రావణం కూడా శుభ్రం చేస్తుంది. కానీ ఎసిటోన్, ఆల్కహాల్ తడి మిగిలి ఉన్న పాత్రలో అది పేలగలదు, మూత బిగించిన సీసాలో పెడితే సీసానే పగలగొడుతుంది. డిగ్రీ, పీజీ విద్యార్థుల చేతికి దాన్ని ఇవ్వవద్దని గట్టిగా చెబుతున్నాం. శుభ్రమైన బంగారం మీద నీటి బొట్టు పరుచుకుంటుంది. బొట్టు ముత్యంలా నిలబడితే ఇంకా జిడ్డు ఉన్నట్టే. శుభ్రం చేసిన పలకను బల్ల మీద వదిలి భోజనానికి వెళ్లి వస్తే సరిపోతుంది, గాలిలోని సేంద్రియ ఆవిర్లు దాన్ని మళ్లీ మురికి చేసేస్తాయి.

తర్వాత 11 మెర్కాప్టోఅన్‌డెకనోయిక్ ఆమ్లం, చివర పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్) ఉన్న థయోల్ (గంధకం ఉన్న అణువు) 1కి 9 పాళ్లలో, మొత్తం 1 మిల్లీమోలార్ గాఢతకు ఇథనాల్‌లో కలిపి రాత్రంతా పలకను అందులో ఉంచాలి. గంధకం బంగారాన్ని పట్టుకుంటుంది, ఆమ్లపు కొసలు పైకి నిలుస్తాయి, పెగ్ కొసలు అక్కర్లేని ప్రోటీన్లను దూరం పెడతాయి. ఆమ్లపు కొసలను చురుకు చేయడానికి ఈడీసీ 0.2 మోలార్, ఎన్‌హెచ్‌ఎస్ 0.05 మోలార్ అనే రెండు రసాయనాలను అప్పటికప్పుడు కలిపి 7 నుంచి 10 నిమిషాలు పంపాలి. మన తీరపు గాలిలో ఇక్కడొక ప్రత్యేక జాగ్రత్త ఉంది. ఈడీసీ సీసా మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంటుంది. దాన్ని తీసిన వెంటనే మూత తిప్పితే విశాఖ గాలిలోని తేమ లోపలి పొడి మీద నీరై కూర్చుంటుంది. పొడి ముద్ద కడుతుంది, సగం చచ్చిపోతుంది. నెల తర్వాత "అతుక్కోవడం లేదు" అని ప్రోటీన్‌ను తిట్టుకుంటాం. సీసాను సిలికా జెల్ ఉన్న డబ్బాలో గది వేడికి పూర్తిగా వచ్చేదాకా ఉంచి, అప్పుడే తెరవాలి. ఇంకా మంచిది, కొనగానే చిన్న చిన్న గొట్టాల్లో ఒక్కసారికి సరిపడా పంచి పెట్టుకోవడం.

ప్రోటీన్‌ను 10 మిల్లీమోలార్ ఎసిటేట్ బఫర్‌లో, దాని సమవిద్యుత్ బిందువు (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) కన్నా ఒక యూనిట్ తక్కువ పీహెచ్‌లో, మిల్లీలీటరుకు 20 నుంచి 50 మైక్రోగ్రాముల గాఢతలో పంపాలి. అప్పుడు ధనావేశం ఉన్న ప్రోటీన్‌ను రుణావేశపు పలక తనంత తానే లాక్కుంటుంది. ఇక్కడ చాలామంది పడే గొయ్యి, కొన్న యాంటీబాడీ సీసా. అందులో ట్రిస్, గ్లైసిన్, అజైడ్ ఉండవచ్చు, నిలవ కోసం కలిపిన బోవైన్ ఆల్బుమిన్ (ఆవు రక్తపు ప్రోటీన్) కూడా ఉండవచ్చు. ట్రిస్, గ్లైసిన్ అమైన్లు చురుకైన కొసలను ముందే తినేస్తాయి. ఆల్బుమిన్ అయితే యాంటీబాడీ స్థానంలో తనే అతుక్కుంటుంది, ఫ్రీక్వెన్సీ బ్రహ్మాండంగా తగ్గుతుంది, ఆ తర్వాత యాంటీజెన్ (యాంటీబాడీ పట్టుకోవలసిన అణువు) పంపితే ఏమీ జరగదు. సీసా మీది కాగితం చదివి, అవసరమైతే బఫర్ మార్చుకుని, ఆల్బుమిన్ లేని రకం తెప్పించుకోవాలి. మిగిలిన చురుకైన కొసలను 1 మోలార్ ఇథనాలమైన్, పీహెచ్ 8.5తో 7 నిమిషాలు మూసేయాలి. ఈ ద్రావణం చిక్కన. అది పారుతున్నంతసేపూ ఫ్రీక్వెన్సీ బాగా కిందికి పోతుంది. బఫర్ తిరిగి వచ్చాక మిగిలిన తేడానే లెక్కలోకి తీసుకోవాలి. అన్ని అడుగుల్లోనూ ఇదే నియమం. ముందూ వెనకా ఒకే బఫర్, వాటి మధ్య తేడా.

పలకను అరలో బిగించాక రబ్బరు వలయం ఒత్తిడి సర్దుకోవడానికి కనీసం గంట పడుతుంది. 10 నిమిషాల్లో అర హెర్ట్జ్ మించి జారుతుంటే ప్రయోగం మొదలుపెట్టకూడదు. ఓపిక లేక మొదలుపెట్టిన వాటిలో జారుడునే బంధంగా రాసుకున్న సందర్భాలు ఎక్కువ. ద్రవం పారే వేగం నిమిషానికి 25 నుంచి 100 మైక్రోలీటర్లు. పెరిస్టాల్టిక్ పంపు గుండెలా కొట్టుకుంటుంది, ఆ ఒత్తిడి గీత మీద పడుతుంది. సిరంజి పంపు నెమ్మదిగా, సమంగా తోస్తుంది.

ఇప్పుడు యాంటీజెన్ పంపారు, 12 హెర్ట్జ్ తగ్గింది. బంధమేనా? కనీసం నాలుగు పరీక్షలు దాటాకే ఆ మాట అనాలి. యాంటీబాడీ లేకుండా మిగతా అన్ని అడుగులూ చేసిన పలక మీద అదే నమూనా పంపాలి. సంబంధం లేని మరో యాంటీబాడీ అతికించిన పలక మీద పంపాలి. అసలు పలక మీద యాంటీజెన్ లేని అదే బఫర్ పంపాలి. చివరగా, యాంటీజెన్‌ను ముందే కరిగి ఉన్న యాంటీబాడీతో కలిపి పంపి, సంకేతం తగ్గుతుందో లేదో చూడాలి. మూడో పరీక్షలోనే 9 హెర్ట్జ్ వచ్చిందంటే మీ 12లో 9 బఫర్ తేడా. నమూనాను రన్నింగ్ బఫర్‌లోకే (ప్రయోగమంతా పలక మీద పారే బఫర్‌లోకే) మార్చుకుంటే ఇది పోతుంది. రన్నింగ్ బఫర్‌లో 0.005 శాతం ట్వీన్ 20 అనే సబ్బులాంటి పదార్థం కలిపితే జిడ్డుగా అంటుకునేవి తగ్గుతాయి.

రక్తంతో పని ఇంకా కష్టం. సీరంలో (రక్తం గడ్డకట్టాక వేరయ్యే ద్రవంలో) మొత్తం ప్రోటీన్ మిల్లీలీటరుకు 60 నుంచి 80 మిల్లీగ్రాములు. మనం వెతికే, రోగాన్ని సూచించే అణువు 1 మైక్రోగ్రాము ఉందనుకుంటే, ఒక్క కావలసిన అణువుకు బరువులో 70,000 రెట్లు అక్కర్లేనివి పలకను తోసుకుంటాయి. పైగా 10 రెట్లు పలుచన చేసిన సీరం కూడా బఫర్ కన్నా చిక్కనే, ఆ చిక్కదనమే 10 హెర్ట్జ్ పైన తెస్తుంది. బఫర్‌లో కలిపిన శుద్ధ ప్రోటీన్‌తో వచ్చిన ఫలితాన్ని "రక్తంలో గుర్తించింది" అని రాయడం ఎందుకు తప్పో ఈ అంకెలే చెబుతాయి.

బంధం ఉందని తేలాక అది ఎంత గట్టిదో, ఎంత వేగంగా పడుతుందో, ఎంత నెమ్మదిగా వీడుతుందో ఈ పలక చెప్పగలదు. రంగు, రేడియోధార్మిక గుర్తు ఏదీ తగిలించకుండా బంధం జరుగుతున్న క్షణాల్లోనే చూడగలగడం దీని అసలైన గొప్ప. ఒక ఉదాహరణ వేసుకుందాం. కలిసే రేటు మోలార్‌కు సెకనుకు 1 లక్ష, విడిపోయే రేటు సెకనుకు 0.001. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే బంధ స్థిరాంకం (ఇది ఎంత చిన్నదైతే బంధం అంత గట్టిది) 10 నానోమోలార్. 100 నానోమోలార్ పంపితే గీత సమతలంలో (ఇక మారకుండా నిలిచే ఎత్తులో) 95 శాతానికి చేరడానికి నాలుగున్నర నిమిషాలు చాలు. 10 నానోమోలార్‌కు 25 నిమిషాలు పడుతుంది, 1 నానోమోలార్‌కు 45 నిమిషాలు. అన్ని గాఢతలకూ 5 నిమిషాలే పంపి, అక్కడున్న ఎత్తును సమతలమనుకుని గ్రాఫ్ గీస్తే బంధం అసలు కన్నా బలహీనంగా కనిపిస్తుంది. ఈ తప్పు చాలా నివేదికల్లో ఉంటుంది. గాఢతలు బంధ స్థిరాంకానికి పదో వంతు నుంచి పది రెట్ల దాకా కనీసం ఐదు ఉండాలి, వాటిని క్రమం మార్చి పంపాలి, మధ్యలో సున్నా గాఢతను రెండుసార్లు, ఒక గాఢతను చివర్లో మళ్లీ ఒకసారి పంపాలి. ఆ చివరిది మొదటిదానితో సరిపోలకపోతే పలక అలిసిపోయినట్టు.

విడిపోయే దశను ఎంతసేపు చూడాలన్నదీ లెక్కే. రేటు సెకనుకు 0.0001 అయితే 5 శాతం విడిపోవడానికి 500 సెకన్లు దాటుతుంది. మొత్తం సంకేతం 20 హెర్ట్జ్ అనుకుంటే ఆ 5 శాతం 1 హెర్ట్జ్. ఆ వ్యవధిలో బేస్‌లైనే 1 హెర్ట్జ్ జారితే మీరు కొలిచింది బంధాన్ని కాదు, జారుడును. పారే వేగాన్ని 25 నుంచి 100 మైక్రోలీటర్లకు పెంచినప్పుడు అతుక్కునే వేగం కూడా పెరిగితే, అణువులు పలక దాకా చేరడమే ఆలస్యమవుతోందని అర్థం. అప్పుడు పలక మీద యాంటీబాడీని పలుచగా వేయాలి. యాంటీజెన్‌ను పలకకు అతికించి యాంటీబాడీని పారిస్తే దాని రెండు చేతులూ పట్టుకుంటాయి. విడిపోవడం కృత్రిమంగా నెమ్మదిస్తుంది, బంధం అసలు కన్నా ఎన్నో రెట్లు గట్టిదిగా కనిపిస్తుంది. వీలైనంతవరకు యాంటీబాడీనే పలక మీద ఉంచండి. పలకను మళ్లీ వాడుకోవడానికి 10 మిల్లీమోలార్ గ్లైసిన్, పీహెచ్ 2.0 నుంచి 2.5, అర నిమిషం నుంచి ఒక నిమిషం. అంతకు మించితే యాంటీబాడీయే పాడవుతుంది.

తడి సంగతి చెప్పకుండా ముగించలేం. ఆరిన చొక్కా బరువు, తడిపిన చొక్కా బరువు ఒకటి కావు. క్వార్ట్జ్ తూచేది తడి చొక్కాను. ప్రోటీన్ల మధ్య, లోపల చిక్కిన నీరు కూడా పలకతో పాటే ఊగుతుంది. పొరను బట్టి ఆ నీరు మొత్తం బరువులో సగం నుంచి 90 శాతం దాకా ఉండవచ్చు. కాబట్టి 17.7తో గుణించి "ఇంత ప్రోటీన్ అతుక్కుంది" అనడం సరికాదు. పొడి బరువు కావాలంటే కాంతితో కొలిచే సర్ఫేస్ ప్లాస్మాన్ యంత్రంలో అదే ప్రయోగం చేయాలి. రెండింటి తేడా నీటిని చెబుతుంది, అది కూడా విలువైన సమాచారమే. పొర జావలా మెత్తనైతే సావర్‌బ్రై సూత్రమే పనిచేయదు. అందుకే 1990ల్లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, చామర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పలకకు విద్యుత్తు ఆపేసి అది ఎంత త్వరగా నిలిచిపోతుందో కూడా కొలిచే పద్ధతి తెచ్చారు. ఆ శక్తి నష్టమే డిసిపేషన్. దాన్ని, 15, 25, 35 మెగాహెర్ట్జ్ వంటి బేసి హరాత్మకాలను (అదే పలక మూడు, ఐదు, ఏడు రెట్ల వేగంతో ఊగే తీరులను) కలిపి చూడాలి. 5 మెగాహెర్ట్జ్ పలక మీద, హరాత్మక సంఖ్యతో భాగించిన ఫ్రీక్వెన్సీ తగ్గుదల ఒక్కో హెర్ట్జ్‌కు డిసిపేషన్ పెరుగుదల కోటిలో 4 వంతుల కన్నా బాగా తక్కువ ఉండి, హరాత్మకాల గీతలన్నీ ఒకదానిపై ఒకటి పడితే సావర్‌బ్రై చెల్లుతుంది. గీతలు విసనకర్రలా విచ్చుకుంటే పొర మెత్తన, దానికి వేరే గణిత నమూనాతో లెక్కలు కావాలి. ఒక్క హరాత్మకమే చూపే యంత్రంతో ఈ తేడా తెలియదు.

కొత్తగా నేర్చుకునేవారికి మేం మొదట చేయించమనే ప్రయోగం యాంటీబాడీది కాదు, కొవ్వు పొరది. సిలికా పూత ఉన్న పలక మీద 10 మిల్లీమోలార్ ట్రిస్, 150 మిల్లీమోలార్ ఉప్పు, పీహెచ్ 7.4 బఫర్‌లో మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము ఫాస్ఫాటిడైల్‌కోలిన్ కొవ్వు గోళికలు పంపాలి. 100 నానోమీటర్ల లోపు సైజుకు అవి తగ్గి ఉండాలి. గోళికలు నీటితో సహా వచ్చి కూర్చున్నప్పుడు ఫ్రీక్వెన్సీ బాగా దిగుతుంది, డిసిపేషన్ పెరుగుతుంది. కొంతసేపటికి అవి పగిలి చదునైన పొరగా పరుచుకుంటాయి, లోపలి నీరు పోతుంది, గీత వెనక్కి లేచి దాదాపు మైనస్ 26 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. డిసిపేషన్ మళ్లీ సున్నాకు దగ్గరగా వస్తుంది. 1998లో కెల్లర్, కాసెమో చూపిన ఈ లోయ ఆకారం ఏ ప్రయోగశాలలోనైనా అలాగే రావాలి. రాలేదంటే పలక శుభ్రంగా లేదు, గోళికలు పెద్దవయ్యాయి, లేదా బఫర్ తప్పు. అదే బంగారు పలక మీద చేస్తే గోళికలు పగలకుండా మెత్తగా అలాగే కూర్చుంటాయి. ఈ రెండు గీతలు పక్కపక్కన చూసిన విద్యార్థికి తడి, మెత్తదనం అంటే ఏమిటో ఉపన్యాసం అక్కర్లేదు.

ఖరీదైన యంత్రం లేని కళాశాలలు నిరాశ పడనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో దొరికే 10 మెగాహెర్ట్జ్ హెచ్‌సీ 49 యూ క్రిస్టల్ చవక. పొట్టి డబ్బా వద్దు, పొడుగు డబ్బాదే తీసుకోవాలి. గుండ్రని పలక ఉండేది అందులోనే. డబ్బా అంచును సన్నని ఆకురాయితో అరగదీసి తొడుగు లాగేస్తే, వెండి పూతతో పలక బయటపడుతుంది. 74 హెచ్‌సీయూ 04 ఇన్వర్టర్ అనే చిన్న చిప్, 1 మెగాఓమ్ నిరోధకం, రెండు 22 పికోఫారాడ్ కెపాసిటర్లతో దాన్ని ఊపవచ్చు. ఫ్రీక్వెన్సీ కౌంటర్‌ను అరగంట ముందే ఆన్ చేయాలి. దాని సొంత గడియారం పది లక్షల్లో ఒక వంతు కదిలినా 10 హెర్ట్జ్ అబద్ధం వస్తుంది. పూత వ్యాసం 5 మిల్లీమీటర్లయితే 1 హెర్ట్జ్ అంటే సుమారు 0.9 నానోగ్రాము. మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉన్న ద్రావణం 1 మైక్రోలీటరు ఒక ముఖం మీద ఆరబెడితే 100 నానోగ్రాములకు 110 హెర్ట్జ్ పైచిలుకు రావాలి. బొట్టు మధ్యలో పడితే ఎక్కువ, అంచున పడితే తక్కువ వస్తుంది. పలక మధ్యలో ఎక్కువ ఊగుతుంది, అంచుల్లో తక్కువ. ఈ తేడాను విద్యార్థులే కనిపెట్టాలి. ఈ క్రిస్టల్‌ను మాత్రం ఉప్పు నీటిలో ముంచకూడదు. రెండు ముఖాల మధ్య విద్యుత్తు ద్రవం గుండా పారిపోతుంది, ఉప్పు నీరు వెండిని తినేస్తుంది, ఊపే సర్క్యూట్ ఆగిపోతుంది. గాలిలోనే చేయాలి. పలక మీద ఒక్కసారి నోటితో ఊదితే చాలు, తేమకు గీత ఎలా కదులుతుందో కనిపిస్తుంది. విశాఖ వానాకాలంలో ఆ ప్రయోగం ఊదకుండానే జరుగుతుంది, అందుకని పెట్టెలో సిలికా జెల్ ఉంచండి.

పత్రికలవారికి ఒక విన్నపం. సెన్సర్ వార్త ఇచ్చేవారిని మూడు ప్రశ్నలు అడగండి. అది బఫర్‌లో చేశారా, రోగుల సీరంలో చేశారా? సంబంధం లేని యాంటీబాడీ ఉన్న పలక మీద అదే నమూనాకు ఎంత వచ్చింది? ఎన్ని పలకల మీద చేశారు? జవాబు "ఒక పలక" అయితే వార్తను కొన్ని నెలలు ఆపవచ్చు.

కళాశాలలవారికి, మార్గదర్శకులకు ఇంకొకటి. ప్రాజెక్టు నివేదికతో పాటు యంత్రం ఇచ్చిన అసలు ఫైలు మొత్తం జత చేయించండి. అందులో అన్ని హరాత్మకాలు, డిసిపేషన్, గది ఉష్ణోగ్రత, నమూనా పంపడానికి ముందు కనీసం 20 నిమిషాల బేస్‌లైన్ ఉండాలి. కత్తిరించి, సున్నా దగ్గర మొదలయ్యేలా సర్దిన బొమ్మను మాత్రమే ఇస్తే మార్కులు వేయకండి.

ఇట్లు,
క్వార్ట్జ్ సెన్సర్లపై పనిచేసే అధ్యాపకులు,
విశాఖపట్నం